దానమ్మ నోరు

ఇది అయిపోయిన కాలం కథ కాదు, ఇంకా రావలసిన కాలంది. అయినా అయిపోయినట్టే చెప్పుకుందాం. అలాగైతేనే చెవికెక్కుతుంది.

కొత్తవొడ్డు అని సముద్రం పక్కన ఓ పల్లె. ఆ పల్లెలో దానమ్మ నోరంటే అందరికీ హడలు. ఆవిడ చేపలు ఎండేసిన చోట వాలాలంటే కాకి కూడా అటూ ఇటూ చూసుకునేది. ఆవిడ కోడలు కాసులమ్మ. పెళ్ళయి వచ్చిన రోజు గుమ్మంలో ఎడమకాలు ముందు పెట్టిందని దానమ్మ ఎత్తుకున్న తిట్టు ఇప్పటికీ దించలేదు. కాసులమ్మ ఆ తిట్లలోనే వండింది, ఆ తిట్లలోనే చేపలతట్ట నెత్తికెత్తుకుంది. ఒడ్డున ఉన్నోళ్ళకి కెరటం హోరు వినపడదంటారే, అలాగ ఆవిడకి అత్త నోరు.

ఆ యేడు పెద్ద తుఫానొచ్చింది. ఆ కాలానికి పడవలకి ఆకాశంలోంచి దారి చెప్పే పెట్టెలొచ్చాయి. పెట్టెలుంటే మాత్రం ఏమైంది? ఆ గాలికి అన్నీ మూగబోయాయి. దానమ్మ కొడుకు, కాసులమ్మ మొగుడు ఎల్లాజీ ఎక్కిన పడవ తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, చెక్కముక్కా దొరకలేదు.

ఆ పల్లెలో ఓ కట్టుబాటుంది. సముద్రంలో మనిషి కనపడకపోతే ఇంటి ఆడది ఏడవకూడదు. ఏడ్చిందంటే వాడు పోయినట్టు ఒప్పుకున్నట్టే. ఏడవడానికి బదులు పొద్దుగూకే వేళ ఒడ్డుకెళ్ళి వాణ్ణి తిట్టాలి. పోయినవాణ్ణి ఎవరూ తిట్టరు కదా? తిడుతున్నారంటే ఉన్నాడన్నమాట. ఏ తిట్టయినా తిట్టొచ్చు, ‘చచ్చినోడా’ అన్న ఒక్క తిట్టు తప్ప. తల్లి నోరు ఆడుతున్నన్నాళ్ళూ కొడుకు బతికున్నట్టు లెక్క. తల్లి నోరు మూతపడితే కర్మ చేసేసి, పెళ్ళాం గాజులు తీసేస్తారు.

అలాంటి తిట్టుకి దానమ్మని మించినోళ్ళెవరు?

“ఒరే ఎల్లాజీ! నీ దుంప తెగ! కూర సల్లారిపోతందిరా! ఏ దీవిలో తొంగున్నావురా? రా, నీ కాళ్ళిరిసి పొయ్యిలో ఎడతాను!” అని ఆవిడ కేకేస్తే ఒడ్డున ఎండ్రకాయలు కన్నాల్లో దూరేవి.

అత్త ఊపిరి తీసుకునేలోగా కాసులమ్మ అందుకునేది. “మీ అమ్మ నోరు నా ఒక్కదానికే ఒగ్గీసి ఎల్లిపోనావు, బుద్ధుందా నీకు?”

“ఏటే అన్నావు?”

“ఆయన్నే అంటన్నానత్తా.”

ఇలా ఉండగా పట్నం నుంచి ఓ డాక్టరమ్మ వచ్చింది. హైమ అని పేరు, చిన్న వయసు. తుఫాను షెల్టరులో బల్లలేసి, పెట్టెలు సర్దింది. మనుషుల నడవడి చూసి వాళ్ళ బాధలు కొలిచే చదువు ఆవిడది. వేరే పల్లెలో, వేరే తుఫాను తరవాత, బిడ్డలు పోయిన తల్లులు అన్నం మానేసి ఒకరి వెనక ఒకరు పోవడం ఆవిడ కళ్ళారా చూసింది. అప్పట్నుంచి కూర్చుని ఓ మెడపట్టీ తయారు చేసింది. పచ్చటి దీపమున్న సన్నపాటి పట్టీ. ఏడుపుకి గొంతు బిగిసినా, కోపానికి నరం ఉబ్బినా, చెమట పట్టినా, ఊపిరి ఎగిరినా దానికి తెలిసిపోతుంది. తెలియగానే చురుక్కుమనిపిస్తుంది. నెమ్మదిగా ఉన్నంతసేపూ తల్లి చెయ్యి నిమిరినట్టు మెడ వెనక వెచ్చగా ఉంటుంది. అలా ఉండగా ఉండగా శరీరం ఏడుపు మరిచిపోతుంది.

ముందు అందరికీ పరీక్ష చేసింది. కాసులమ్మ మెడకి పట్టీ కట్టి, ఎల్లాజీ ఫొటో చూపించి, పట్టీ లెక్కలు చూపించే చేతిపలక చూసుకుంది.

“కన్నీళ్ళు లేవు. ఊపిరి మామూలుగానే ఉంది. మీకు దుఃఖం లేదమ్మా, పట్టీ అక్కర్లేదు,” అంది.

“నేదా?”

“మనసులో ఏముందో ఎవరూ చూడలేదండీ. పైకి కనపడేదే మనకి తెలిసేది. ఏడుపుంటే దుఃఖం ఉంది. ఏడుపు పోతే అదీ పోతుంది. బోర్లించిన కుండలో నీళ్ళున్నాయంటామా?”

“అనం తల్లీ,” అని కాసులమ్మ లేచింది. “అయితే ఇంటికెల్లి కూరొండుకుంటాను. దుఃకం నేనిదాన్ని కదా.”

ఎల్లాజీతో పాటు పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పట్టీలు కట్టుకున్నారు. నూకాలని, ఎల్లాజీ పక్కన తెడ్డేసినవాడి పెళ్ళాం, ఆ పిల్లా కట్టుకుంది. నాలుగు పొద్దులు తిరిగేసరికి అందరి మొహాలూ తేటపడ్డాయి. నవ్వుతూ నీళ్ళు తెస్తున్నారు, నవ్వుతూ వలలు అల్లుతున్నారు. ఒడ్డున తిట్టేవాళ్ళు తగ్గిపోయారు. నోళ్ళు మూతపడ్డాయి కాబట్టి ఆ ఇళ్ళల్లో కర్మలు జరిగిపోయాయి. నూకాలు గాజులు తీస్తున్నప్పుడు కూడా నవ్వుతూనే చెయ్యి చాపింది. చేపలపాట దగ్గర దళారి ఎంతంటే అంతకి తట్ట దించేసింది.

“ఒలే నూకాలూ, అలాగిచ్చీసినావేటే? నోరు నేదా నీకు?” అంది కాసులమ్మ.

“పోన్లే అప్పా,” అంది నూకాలు. దీపం పచ్చగా వెలుగుతోంది.

దానమ్మ అసలు షెల్టరు వైపు వెళ్ళే మనిషి కాదు. కానీ కొడుకుని తిట్టీ తిట్టీ ఆవిడ గొంతు బొంగురుపోయింది. కేకేస్తే గాలి తప్ప మాట రాలేదు. ఇరుగుపొరుగు మెడలకి పట్టీలు చూసింది. “హాయిగా ఉంటాది పెద్దమ్మా” అని వాళ్ళంటే వింది. గొంతుకి కట్టేది గొంతు మందు కాక ఇంకేమవుతుంది? ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కట్టించుకుని వచ్చింది. “గొంతు బాగుపడనీ, అప్పుడు సెప్తాను నీ మొగుడి పని,” అంది కోడలితో, బొంగురు గొంతుతో.

చాన్నాళ్ళ దాకా అదే ఆవిడ ఆఖరి నిండు తిట్టు.

గొంతయితే బాగుపడింది. కానీ ఒడ్డుకెళ్ళి నోరు తెరిచినప్పుడల్లా పట్టీ చురుక్కుమంది. మందు పనిచేస్తోందనుకుని ఓర్చుకుంది. నోరు మూసుకుంటే వెచ్చగా నిమిరింది. ఓ సాయంత్రం సగం తిట్టు తిట్టి వెనక్కి తిరిగింది. మర్నాడు ఇసకలో కూర్చుని కెరటాలు చూసింది. ఆ మర్నాడు రాలేదు.

కాసులమ్మకి మొదట ఏం తెలిసిందంటే, ఇంట్లో తనకి తన అడుగుల చప్పుడు వినపడుతోంది. అత్త అరుగు మీద కూర్చుని నవ్వుతోంది. కాసులమ్మకి అనుమానమొచ్చి కూరలో గుప్పెడు ఉప్పు ఎక్కువేసింది.

దానమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగింది. “బాగుందమ్మా,” అంది.

కాసులమ్మ చేతిలో గరిటె జారిపోయింది. అమ్మా అట! ఆ ఇంట్లో ఆవిడ ‘ఒలే’, ‘ఏమే’, ‘దిక్కుమాలిందానా’ తప్ప ఇంకో పేరెరగదు. కొత్త వల వానలో ఒగ్గేసి చూసింది. తడిసిన వల దగ్గరికొచ్చి దానమ్మ, “పోన్లే, ఎండ వస్తాది,” అంది. కాసులమ్మ తిన్నగా షెల్టరుకి నడిచింది.

“మా అత్త నన్ను తిట్టట్నేదు,” అంది.

హైమకి నవ్వొచ్చింది. “అదా కంప్లయింటు?”

“నవ్వకమ్మా. పట్టీ ఇప్పీ.”

“విప్పమంటే ఇప్పుడే విప్పుతాను. ఆవిడే వద్దంటున్నారు, మీరే అడగండి. పోనీ విప్పినా శరీరం నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. ఆవిడ ఇప్పుడు కడుపునిండా తింటున్నారు, నిద్రపోతున్నారు. మీకేం నష్టం?”

“ఆ నోరు మూతపడితే నా మొగుడు నేడని ఒప్పుకున్నట్టేనమ్మా.”

ఆ మాటకి హైమ నవ్వు ఆగింది. “సముద్రంలో మనిషి ఉండడం, పోవడం ఈవిడ నోట్లో ఉండదు కదండీ,” అంది నెమ్మదిగానే.

“అది నీకు.” కాసులమ్మ వెళ్ళబోయి ఆగింది. “ఎలాగ నేర్పినావు?”

“చెయ్యమన్నది చెయ్యగానే ఇష్టమైనదేదో ఇవ్వాలి. వెంటనే ఇవ్వాలి. అలా ఇస్తూ పోతే శరీరానికి అలవాటైపోతుంది.”

“తిరగేసి నేర్పితే కూడా అలవాటవుతాదా?”

“శరీరానికి ఎటైనా ఒకటే.”

దానమ్మకి ఇష్టమైనది ఈ లోకంలో చుట్ట. ఆ ఒడ్డున ముసలమ్మలందరిలాగే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. గాలికి ఆరదు, వానకి ఆరదు. కాసులమ్మ ఇంటికెళ్ళి చుట్టలన్నీ కొంగులో మూటగట్టుకుంది.

“ఒక్క తిట్టు తిట్టత్తా, సుట్టిస్తాను.”

“ఏటి తిట్టను?”

“నీకు తెల్దేటి? నీ నోటికొచ్చింది.”

“నీ జిమ్మడ,” అంది దానమ్మ, నవ్వుతూ, పంతులు మంత్రం చెప్పినట్టు. పట్టీ చురుక్కుమనలేదు. మాటే ఉంది కానీ కోపం లేదు కదా, దానికేం తెలుస్తుంది? చుట్ట ఇచ్చింది కాసులమ్మ. మర్నాడు మళ్ళీ. వారం తిరిగేసరికి దానమ్మ పొద్దున్నే లేచి, “నీ దుంప తెగ, నీ తాడు తెగ, నీ నోట్లో మన్ను,” అని వరసగా అప్పజెప్పి చెయ్యి చాపడం మొదలెట్టింది. తిట్లొచ్చాయి. చిలక రామరామ అన్నట్టున్నాయి. అయినా కాసులమ్మ ఆశ చావలేదు. మాటొస్తే మనిషీ వెనకాలే వస్తుందనుకుంది. అప్పటికి ఆవిడ కూడా డాక్టరమ్మ లాగే అనుకుందన్నమాట.

ఆ సాయంత్రం అత్త చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళింది. ఎల్లాజీ చిన్నాన్న గరగయ్య అక్కడే వల బాగుచేసుకుంటున్నాడు. కులపెద్ద ఆయనే. ఆయన చుట్టూ ఇంకో నలుగురున్నారు.

“కొడుకుని తిట్టత్తా,” అంది కాసులమ్మ.

దానమ్మ సముద్రం వైపు చూసింది. కోడలి కొంగులో చుట్టలున్న ముడి వైపు చూసింది.

“ఒరే ఎల్లాజీ, సచ్చినోడా,” అని హాయిగా నవ్వి, చెయ్యి చాపింది.

గరగయ్య చేతిలో వల కింద పడింది.  కాసులమ్మ ఆ చాపిన చేతిని చూస్తూ నిలబడిపోయింది.

ఇంటికొచ్చి గరగయ్య అరుగు మీద కూలబడ్డాడు. “తల్లి నోట ఆ మాటొచ్చీసింది. ఇంక నానేటి సెయ్యగల్ను కోడలా?”

“ఆ మాట అత్త అన్నేదు మావా. సుట్ట అన్నాది.”

“అందరూ ఇన్నారమ్మా.”

“ఇంటే ఇన్నారు! నా సేతులు మాత్రం నాను ఇయ్యను. గాజులు కావాలంటే నరుక్కుని పట్టుకెల్లండి.”

గరగయ్య తల వంచుకుని వెళ్ళిపోయాడు. వద్దని మనసులో ఉన్నా కట్టుబాటు కట్టుబాటే. ఎల్లుండే కర్మ అని ఊళ్ళో చెప్పించాడు.

కర్మ రోజు పొద్దున ఇసకలో గడ్డితో మనిషిబొమ్మ కట్టారు. శవం లేదు కాబట్టి దాన్నే దహనం చెయ్యాలి. దానికి ఎల్లాజీ గళ్ళచొక్కా తొడిగారు. పల్లె పల్లెంతా చేరింది. హైమ కూడా పలక పట్టుకుని వచ్చింది. కొడుకు కర్మలో తల్లి ఇంత నెమ్మదిగా ఉండగలదని చూపిస్తే ఇంకెన్ని ఊళ్ళకో ఈ పట్టీ వెళ్తుందని ఆవిడ ఆశ. తల్లులు తిండి మానేసి చచ్చిపోరని ఆశ. పాపం, అందులో కల్మషం లేదు.

ఓ ముసలమ్మ కాసులమ్మ మణికట్టు పట్టుకుంది.

“ఒగ్గు!” అని కాసులమ్మ ఒక్క విదిలింపు విదిలించింది. “సముద్రం సెప్పిందా నా మొగుడు నేడని? కెరటం తెచ్చి పడేసిందా? ఎవరు సెప్పినారు మీకు? ఈ గెడ్డి సెప్పిందా?”

“తల్లిని అడుగుతాం కోడలా. అది పద్ధతి,” అన్నాడు గరగయ్య. వెళ్ళి దానమ్మకి ఎదురుగా నిలబడ్డాడు.  “వదినా, నీ కొడుకున్నాడా? పోయాడా?”

దానమ్మ ఎండలో కళ్ళు చికిలించి నవ్వింది. దీపం పచ్చగా ఉంది. “మీరెలాగంటే అలాగే,” అంది.

అప్పుడు కాసులమ్మ అత్త మొహంలోకి చూసింది. తను జ్వరంతో పడుంటే నెత్తి మీద తడిగుడ్డేస్తూ ‘పనెగ్గొట్టడానికి జొరమా’ అని తిట్టిన మొహం అది. చేపలు అమ్ముడుకాక ఉత్త చేతుల్తో వస్తే, తిడుతూనే తన కంచంలో ముద్ద ఇటు తోసిన మొహం. ఆ మొహం ఇప్పుడు తోమిన సత్తుగిన్నెలా తళతళలాడుతోంది. తుఫాను దగ్గర్నుంచి బిగబట్టుకున్నదంతా కాసులమ్మకి గొంతులోకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చుక్క రెప్ప అంచుకొచ్చి ఆగింది. రాలిందంటే అన్నీ అయిపోయినట్టే.

ఆ చుక్కని దానమ్మ చూసింది.

పలక మీద ఎర్రటి గీత లేచింది. హైమ ఉలిక్కిపడి తలెత్తింది. ముసల్ది ఇంకా నవ్వుతూనే ఉంది, నోరైనా విప్పలేదు.

“ఒలే,” అంది దానమ్మ.

పట్టీ చురుక్కుమంది. ఆవిడ మెడ పక్కకి లాగేసింది. చెయ్యి మెడ మీదికి పోయింది. ఇంక నోరు మూస్తుందనుకున్నారంతా.

“ఒలే దిక్కుమాలిందానా! ఆ కళ్ళల్లో నీల్లేటే? తుడుసుకో! నా కొడుకు ఊపిరితో ఉండగా నా ముందర నీల్లెట్టుకుంటావా? నీ ఏడుపెండిపోను!”

పట్టీ మళ్ళీ పొడిచింది. పొడిచిన కొద్దీ గొంతు పెరిగింది. “ఏటి మరిదీ, అన్నం తింటన్నావా గెడ్డి తింటన్నావా? ఎవడ్రా ఈ గెడ్డెదవకి నా కొడుకు సొక్కా తొడిగినాడు? ఇప్పండి! ఇంటికొచ్చి ఏటేసుకుంటాడాడు, మీ తాత పంచా?” మళ్ళీ కోడలి మీదికి తిరిగింది. “ఇంక నువ్వు! కూరలో గుప్పెడుప్పేసి నన్ను సంపేద్దామనుకున్నావు కదే! బాగుందన్నాననుకున్నావా? నాలిక పగిలిపోనాది! కొత్త వల వానలో ఒగ్గేస్తావా? మీ అయ్య కొనిచ్చినాడేటే ఆ వల?”

కాసులమ్మ నోరు తెరుచుకుని వింటోంది. ఉప్పు గుర్తుంది. వల గుర్తుంది. నవ్వుతూ మింగిన ప్రతీదీ ఆ ముసల్దాని లోపల అలాగే ఉంది, ఆరకుండా, అడ్డపొగ నిప్పులాగ.

హైమ పరిగెత్తుకొచ్చింది. “మెడ కాలిపోతోందండీ! ఆగండి, ఆపేస్తాను!”

“నువ్వాగు!” అంది దానమ్మ. “నా తిట్టు పూర్తవనీ!”

హైమ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నొప్పి పెడితే మానాలి. ఆవిడ చదివిన చదువులో అదే మొదటి మాట. మెడ ఎర్రగా కంది, ఒళ్ళంతా చెమట కారుతూ, ఈ ముసల్ది ఇంకా ఇంకా ఎత్తుకుంటోంది.

కాసులమ్మ ఏం చేస్తోందో తనకే తెలీకుండా, అలవాటు కొద్దీ, కొంగు విప్పి చుట్ట తీసి చాపింది. దానమ్మ ఫెడీమని ఆ చేతి మీద కొట్టింది. చుట్ట ఇసకలో పడింది.

“సుట్ట కోసం తిట్టే మనిసినేటే నాను?”

పట్టీ పుటుక్కున తెంపి, పడవ కట్టే గుంజకి తగిలించి, సముద్రం వైపు నడిచింది. కెరటం మోకాళ్ళ దాకా వచ్చింది.

“ఒరే ఎల్లాజీ! నీ దుంప తెగ! ఈ ఎదవలు నిన్ను గెడ్డి సేసీసినార్రా! రారా! వచ్చి ఈళ్ళ నోళ్ళు మూయించరా, నా బంగారు ఎదవా!”

గరగయ్య గడ్డిబొమ్మ దగ్గరికెళ్ళి చొక్కా విప్పాడు. ఇసక దులిపి, మడతేసి, కాసులమ్మ చేతుల్లో పెట్టాడు. “తల్లి నోరు ఆడతంది. కర్మ నేదు, ఎల్లండి,” అన్నాడు జనంతో. 

హైమ ఒక్కతే నిలబడింది. పలకలో ఎర్రగీత పోయి పచ్చగా వెలుగుతోంది. యంత్రం ఇప్పుడు గుంజని కొలుస్తోంది. ఊపిరి లేదు, చెమట లేదు, ఏడుపు లేదు. పూర్తి ప్రశాంతం అని వస్తోంది. ఆవిడ గుంజనీ పలకనీ మార్చి మార్చి చూసుకుంది.

“ఇన్నాళ్ళూ లోపలే ఉందా?” అని అడిగింది.

“ఎక్కడికెల్తాదమ్మా?” అంది కాసులమ్మ. “కుండని నువ్వు బోర్లించనేదు. మూతెట్టినావంతే.”

హైమ ఆ మధ్యాహ్నమంతా ఇంటింటికీ తిరిగి, విప్పమన్నవాళ్ళ పట్టీలు విప్పింది.

సాయంత్రం నూకాలు ఒడ్డుకొచ్చింది. మొగుడికి కర్మ అయిపోయింది. బోసి చేతులు. నీళ్ళ అంచున చాలాసేపు నిలబడి, “ఒరే... ఎక్కడ సచ్...” అని నాలిక కరుచుకుని, “ఎక్కడున్నావురా?” అంది. గట్టిగా ఏం అనలేదు. గరగయ్య విన్నాడు. కర్మ అయిపోయాక తిట్టకూడదని కట్టుబాటుంది. ఆయన వల వైపు చూస్తూ చెవిటివాడిలా ఊరుకున్నాడు.

ఎల్లాజీ వచ్చాడా అంటారా? ఈ కథ నాటికింకా రాలేదు.

దానమ్మకి మాత్రం మర్నాటికి మళ్ళీ గొంతు బొంగురుపోయింది. అరుగు మీద కూర్చుని, మెడకి వెన్న రాసుకుంటూ, గొంతుకి సొంఠి కావాలని సైగ చేసింది. కాసులమ్మ సన్నికల్లు ముందేసుకుని సొంఠి నూరడం మొదలెట్టింది.

“అలాగేనేటే నూరడం?” అంది దానమ్మ, గాలిగొంతుతో. “మీ అమ్మ నేర్పనేదా? గట్టిగా నూరు. పొద్దుగూకుతంది, ఆడు ఎదురుసూస్తంటాడు.”

కాసులమ్మ రెండు చేతులా పొత్రం పట్టుకుంది. గాజులు గలగలమంటుంటే గట్టిగా నూరింది.